బట్టలు ఆరేసి వచ్చేంతసేపు

ఆ ఇంటి పిల్లలకు వంట రాదన్న సంగతి చిన్నకోడలికి పెళ్లయిన వారంలోనే తెలిసింది. రాకపోవడం నేరమేమీ కాదు. ఆమె మొగుడికీ రాదు. ఆయన ఆ మాట ఒప్పుకుని, గిన్నెలు తోమి, తన మానాన తానుంటాడు. వచ్చిన చిక్కల్లా ఆయన అక్కతోనూ అన్నతోనూ. వాళ్లకు వంట రాదు, రాదన్న సంగతీ తెలియదు. ఆ ధైర్యంతోనే ఏడాది చివరి సెలవుల్లో మొదటి రోజు, పొద్దున్న తొమ్మిదింటికల్లా ఇద్దరూ ఏప్రన్లు కట్టుకుని, చనిపోయిన తల్లి వంటగదిలో నిలబడ్డారు, మసాలా బిస్కెట్లు చేస్తామంటూ.

అక్క హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్. ఇంటికొచ్చినా ఆ ఉద్యోగం మానదు. అన్న సర్వేయరు. ఊళ్లో ఎవరి స్థలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అంగుళంతో సహా చెప్తాడు గానీ, తన టీలోకి ఎన్ని చెంచాల చక్కెర పడాలో మాత్రం భార్యనడగాలి. ఆ భార్య ఈసారి రాలేదు. "అమ్మ బిస్కెట్లు ఈ ఏడాది అమ్మ పిల్లలమే చేస్తాం, కోడళ్లకు సెలవు" అని హెడ్‌మిస్ట్రెస్ ఫోన్‌లో ప్రకటించగానే, ఆవిడ మారుమాట లేకుండా సంచీ సర్దుకుని పుట్టింటికి చెక్కేసింది. తెలివైన మనిషి. చిన్నకోడలికి అంత తెలివి లేక వచ్చింది. నిజం చెప్పాలంటే, ఆమెకు ఇక్కడ పనుంది.

తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో అందరూ లొట్టలేసుకుంటూ తిన్న బిస్కెట్లు అత్తగారు చేసినవి కావు. చిన్నకోడలు చేసినవి.

ఆమె కొత్తగా కాపురానికి వచ్చిన ఏడాది, సరిగ్గా ఇదే సెలవుల్లో, అత్తగారు ఆమెను వంటగదిలోకి పిలిచి లోపలి గడియ పెట్టారు. బిస్కెట్లు చేసేటప్పుడు తలుపు మూసుకోవడం ఆవిడకు మొదటినుంచీ ఉన్న అలవాటు, చుట్టూ జనం ఉంటే చిరాకట. స్టూలు మీద కూర్చుని కుడిచెయ్యి చాపి చూపించారు. వేళ్లు సగం దాకా ముడుచుకుని అక్కడ ఆగిపోయాయి. "ఈ చెయ్యి ఇంక పిండి కలపదమ్మా. నువ్వు కలుపు. నేనున్నన్నాళ్లూ ఈ మాట గడప దాటనివ్వకు" అన్నారు. చిన్నకోడలు సరేనంది. ఆ రోజు నుంచి ప్రతి ఏడాదీ లోపల గడియ, స్టూలు మీద అత్తగారు, పిండిలో కోడలి చేతులు.

చిన్నకోడలు ఆసుపత్రిలో ఫార్మసిస్టు. పొడి మందులు మిల్లీగ్రాముల్లో తూచే మనిషి. మొదటిసారి అత్తగారి వంట పుస్తకం తెరిచినప్పుడు ఆమెకు మతిపోయింది. 'బెల్లం చాలినంత.' ఎవరికి చాలినంత? 'లవంగాలు గుప్పెడులో సగం.' ఎవరి గుప్పెడు? అన్నిటికంటే ఘనమైనది ఆఖరి వాక్యం: 'ఓవెన్‌లో పెట్టి, ఒక బకెట్ బట్టలు ఆరేసి వచ్చి తియ్యాలి.' ఇలాంటి చీటీ ఏ డాక్టరైనా రాసి పంపితే ఆమె మందు ఇవ్వదు సరికదా, ఆ డాక్టర్ని పిలిచి నాలుగు చీవాట్లు పెడుతుంది. అత్తగారిని చీవాట్లు పెట్టలేదు గనక, మరుసటి రోజు తమ ఇంటినుంచి చిన్న త్రాసు తెచ్చుకుంది. లవంగాలు నాలుగో వంతుకు తగ్గించింది. వెన్న రెట్టింపు చేసింది. అల్లంపొడి, దాల్చినచెక్క, జాజికాయ గ్రాముల్లో రాసుకుంది. పన్నెండు నిమిషాలకు ఫోన్‌లో గంట పెట్టింది. మొదటి వాయి తీశాక అత్తగారు ఒకటి కొరికి, చాలాసేపు నమిలి, "ఊఁ, మెత్తగా ఉన్నాయి" అన్నారు. చిన్నకోడలు దాన్ని మెప్పుగానే జమకట్టుకుంది.

ఇక బయట గదిలో భజన మొదలయ్యేది. "అమ్మా, ఏడాదికేడాది నీ చెయ్యి ఎంత తిరుగుతోందే" అని హెడ్‌మిస్ట్రెస్. "ఈ రుచి ఇంకెవరికి వస్తుంది చెప్పు, పుట్టుకతో రావాలి" అని సర్వేయరు. అత్తగారు తల వంచుకుని నవ్వేవారు. పుట్టుకతో రాని మనిషి అందరికీ టీ అందిస్తూ తిరిగేది. ఒకసారైతే హెడ్‌మిస్ట్రెస్ ఆమెను పక్కకు పిలిచి, "నువ్వూ అమ్మ దగ్గర కాస్త చూసి నేర్చుకో, ఊరికే నిలబడకు" అని బుద్ధి చెప్పింది. చిన్నకోడలు పళ్లు కొరుక్కుని ఊరుకుంది, మాటిచ్చింది కాబట్టి.

ఇప్పుడు అత్తగారు లేరు. పోయి ఎనిమిది నెలలైంది. నేనున్నన్నాళ్లూ అన్న గడువు ఆవిడే పెట్టారు, ఆ గడువు తీరింది. అవి నా చేతి బిస్కెట్లని ఈ ఇద్దరి మొహం మీద ఒక్కసారి చెప్పాలి, వాళ్లు ఒప్పుకోవాలి. చిన్నకోడలు వచ్చింది అందుకే. వాళ్లే మాడ్చుకుని, వాళ్లే వచ్చి అడిగితే ఇంకా బాగుంటుందని, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని తమాషా చూడటానికి కూర్చుంది.

తమాషాకు లోటు రాలేదు.

హెడ్‌మిస్ట్రెస్ వంట పుస్తకం చేతిలోకి తీసుకుని, స్కూలు ప్రార్థనలో ప్రతిజ్ఞ చదివించే గొంతుతో, "మైదా, పెద్ద గ్లాసుతో మూడు" అని చదివింది. సర్వేయరు అలమరలోంచి నాలుగు గ్లాసులు దించి వరసగా పేర్చాడు. నాలుగూ నాలుగు సైజులు.

"పెద్ద గ్లాసంటే ఏది అక్కా?"

"అన్నిటికంటే పెద్దది."

"అది పూలు పెట్టుకునేది కదా."

"అమ్మ కొలత అదే అయ్యుంటుంది. అమ్మకి పిసినారితనం లేదు, ఏం చేసినా ధారాళంగా చేసేది."

సర్వేయరు ఆ గ్లాసును కిటికీ వెలుగులో పైకెత్తి, ఒక కన్ను మూసి, అంచు సమంగా ఉందో లేదో చూశాడు. మూడు గ్లాసుల పిండి గిన్నెలోనూ, అరగ్లాసు పిండి నేల మీదా పడింది. ఎన్ని గ్లాసులయ్యాయో మధ్యలో మర్చిపోయి, గొడవెందుకని ఇంకొకటి వేశారు. వెన్న దగ్గరికొచ్చేసరికి 'ఉన్నంత' అని రాసుంది. ఫ్రిజ్‌లో ఉన్నది రెండు వేళ్లంత ముక్క. "ఉన్నంతే వెయ్యమంది కదా, వేసెయ్" అంది హెడ్‌మిస్ట్రెస్. చిన్నకోడలికి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

లవంగాల దగ్గర బండి నిలిచిపోయింది. గుప్పెడులో సగమంటే అమ్మ గుప్పెడులో సగం. మరి అమ్మ గుప్పెడు ఎంత? అక్క గుప్పెడు చూపించింది, సర్వేయరు తన గుప్పెడు చూపించాడు. ఇద్దరూ వాదించుకున్నారు. తగువు తెగక, హాల్లో కూర్చున్న తండ్రిని కేకేశారు.

"నాన్నా, అమ్మ గుప్పెడు ఎంత ఉండేది?"

మామగారు పుస్తకాలు బైండింగ్ చేసేవారు. కళ్లు మందగించాక ఆ పని మానేశారు. చూపుడువేలికి మాత్రం సూది కాయలు ఇంకా ఉన్నాయి. మాట తక్కువ మనిషి. ఆయన లేచి వచ్చి, తన కుడిచెయ్యి చాపి, వేళ్లు మెల్లగా ముడిచి, లోపల కాస్త ఖాళీ ఉండగానే ఆపేశారు. "ఇంత" అన్నారు. అని మళ్లీ వెళ్లి కూర్చున్నారు. ఆ ఖాళీలో పట్టినన్ని లవంగాల్లో సగం లెక్కగట్టమంటే సర్వేయరు సగమెందుకు, అంతా వేసేద్దామన్నాడు. వేసేశారు.

పిండి ముద్ద కాలేదు. ఎలా అవుతుంది? నీళ్లు పోశారు. జారైంది. పిండి పోశారు. గట్టిపడింది. చివరికి హెడ్‌మిస్ట్రెస్ ముక్కు మీద చెమటతో అప్పడాల కర్ర పట్టుకుని, మొండికేసిన పిల్లాణ్ణి లొంగదీసినట్టు దాన్ని లొంగదీసింది. నక్షత్రం అచ్చు, చంద్రవంక అచ్చు పెట్టి కోశారు. ట్రేలు ఓవెన్‌లోకి వెళ్లాయి.

"ఇప్పుడు బట్టలు" అంది హెడ్‌మిస్ట్రెస్.

చిన్నకోడలి మొగుడు అప్పటిదాకా మూల నిలబడి నిమ్మకు నీరెత్తినట్టున్నాడు. ఇప్పుడు మాత్రం, "అక్కా, ఉతకాల్సినవేం లేవు. నిన్ననే మిషన్లో వేసి ఆరేశాను. మడతపెట్టి లోపల పెట్టాను కూడా" అన్నాడు.

ఇంకెవరైనా అయితే ఇక్కడ గడియారం చూస్తారు. హెడ్‌మిస్ట్రెస్ అల్లాటప్పా మనిషి కాదు. బీరువా తెరిచి, మడతపెట్టిన తువ్వాళ్లు, దుప్పట్లు, దిండు గలీబులు తీసి, బకెట్లో వేసి, కుళాయి తిప్పింది. పొడి బట్టలు, ఉతికిన బట్టలు, ఇస్త్రీ బట్టలు, అన్నీ నీళ్లలో మునిగాయి. సర్వేయరు తలూపుతూ, "కరెక్టే. కొలత అన్నాక కొలతే. సొంత తెలివి వాడితే లెక్క తప్పుతుంది" అన్నాడు.

చిన్నకోడలు ఇక ఉండబట్టలేకపోయింది. "వదినా, పన్నెండు నిమిషాలు చాలు. ఫోన్‌లో గంట పెట్టుకోండి."

"నీకెవరు చెప్పారు పన్నెండని? అమ్మ రాసిందా?"

"రాయలేదు."

"మరి?" అని, బకెట్ ఎత్తుకుని, మోకాలి నొప్పితో ఒక్కో మెట్టూ మూలుగుతూ మేడ మీదికి వెళ్లింది హెడ్‌మిస్ట్రెస్. ఆ మేడ మీద పక్క వాటా టైలరమ్మ ఎండకు కూర్చుని ఉంది. అత్తగారు పోయాక ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌ను చూడటం ఇదే మొదటిసారి. ఇంకేముంది. ఒక తువ్వాలు ఆరేస్తే ఒక పరామర్శ, ఒక దుప్పటి ఆరేస్తే చిన్నప్పటి ముచ్చట్లు. కింద చిన్నకోడలు చేతి గడియారం చూసుకుంటోంది. పన్నెండైంది. పదిహేనైంది. ఇరవై నిమిషాలకు లవంగాల ఘాటు హాల్లోకి వచ్చింది. ఇరవై ఐదుకు ఆ ఘాటులో మాడు వాసన కలిసింది.

"బావగారూ, తీసేద్దామా?" అంది, ఎంతైనా ఫార్మసిస్టు కదా, మనసొప్పక.

"అక్క రాకుండా ఎలా తీస్తాం? బట్టలు ఇంకా అయినట్టు లేవు" అన్నాడు సర్వేయరు, చేతులు కట్టుకుని, ఓవెన్‌కు కాపలా కాస్తూ.

ముప్పై ఒకటో నిమిషానికి హెడ్‌మిస్ట్రెస్ ఖాళీ బకెట్‌తో దిగి వచ్చింది. ట్రే బయటికి తీశారు. నక్షత్రాల కొనలు నల్లబడ్డాయి. చంద్రవంకలు కాఫీ గింజల రంగులో ఉన్నాయి. సర్వేయరు ఒకటి తీసి ట్రే మీద వేస్తే టక్కుమంది. హెడ్‌మిస్ట్రెస్ కొరికింది. విరగలేదు. ఇంకో పక్కనుంచి కొరికింది. కళ్లనీళ్లు తిరిగాయి, లవంగం వల్లో ఇంకెందువల్లో.

"అంతే లేరా. అమ్మ చెయ్యి అమ్మతోనే పోయింది. మనమెంత గింజుకున్నా ఆ రుచి రమ్మంటే వస్తుందా?" అంది.

ఇంతకంటే మంచి అదను దొరకదు. చిన్నకోడలు కుర్చీలోంచి లేచింది.

"వదినా, అది అత్తయ్యగారి చెయ్యి కాదు. తొమ్మిదేళ్లుగా మీరు తిన్నవి నేను చేసినవి. అత్తయ్యగారి వేళ్లు పనిచెయ్యక నాతో చేయించారు. ఎవరికీ చెప్పొద్దన్నారు, చెప్పలేదు. ఈ పుస్తకంలో ఉన్నట్టు చేస్తే ఇదిగో ఇలాగే వస్తాయి."

ఆమె మొగుడు గొంతు సవరించుకుని, "నిజమే అక్కా. తనే చేసేది. అమ్మ పోయాక నాకు చెప్పింది" అన్నాడు.

"నువ్వు పెళ్లాం మాట ఎప్పుడు కాదన్నావు గనక" అంది హెడ్‌మిస్ట్రెస్. తర్వాత చిన్నకోడలి వైపు తిరిగి, స్కూల్లో అబద్ధం చెప్పిన పిల్లను క్షమించేటప్పటి గొంతు పెట్టింది. "అమ్మకి సాయం చేశావు. కాదన్నామా? నువ్వు కలిపి ఉంటావు, అమ్మ చెప్పి ఉంటుంది. చెయ్యి ఎవరిదైతే ఏం, రుచి అమ్మది కదా."

"పక్కన కూర్చుని చేయించడమే అసలు పని" అన్నాడు సర్వేయరు. "మా దగ్గరా అంతే. నేల కొలిచే గొలుసు పట్టుకునేవాడు వేరు, కొలిచేవాడు వేరు."

చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. తొమ్మిదేళ్లు పళ్ల బిగువున దాచిన మాటను వీళ్లు పేరు లేని సాయం కింద కొట్టిపారేశారు. నాలుగు గ్లాసుల తేడా తెలియని ఇద్దరు, గ్రాములు తూచే మనిషిని గొలుసు పట్టుకునేదాన్ని చేశారు.

"అయితే మామయ్యగారిని అడుగుదాం" అంది. "అత్తయ్యగారు చేసినవీ తిన్నారు, నేను చేసినవీ తిన్నారు. వీటిని ఆయనకు పెట్టి చూద్దాం. ఏది ఎవరి రుచో ఆయన చెప్తారు."

మాట తానే అంది, పళ్లెం కూడా తానే సర్దింది. అన్నిటికంటే నల్లగా మాడిన నాలుగింటిని ఏరి మరీ పెట్టింది. పక్కన వేడి టీ. హాల్లోకి తీసుకెళ్లి మామగారి ముందు పెట్టి పక్కకు నిలబడింది. వెనక హెడ్‌మిస్ట్రెస్, సర్వేయరు, వాళ్ల వెనక ఆమె మొగుడు.

మామగారు ఒక నక్షత్రం తీసుకున్నారు. బల్ల అంచు మీద ఒకసారి కొట్టి చూశారు, విరగలేదు. టీలో ముంచి కాసేపు పట్టుకున్నారు. పక్క పళ్లతో కొరికారు. ఆ చప్పుడు గదంతా వినిపించింది. కళ్లు మూసుకుని నిదానంగా నమిలారు. లవంగం ఘాటుకు దగ్గొచ్చింది, దగ్గి మళ్లీ నమిలారు.

"ఇదే" అన్నారు.

హెడ్‌మిస్ట్రెస్ మొహం వికసించింది. "చూశావా" అన్నట్టు చిన్నకోడలి వైపు కనుబొమలెగరేసింది. చిన్నకోడలు ముసలాయనకు మతి చలించిందనుకుంది.

"ఇది తిని తొమ్మిదేళ్లు దాటింది" అన్నారు మామగారు.

"అదేంటి నాన్నా" అంది హెడ్‌మిస్ట్రెస్. "పోయినేడు కూడా అమ్మ చేసింది కదా."

"పోయినేడు చిన్నకోడలు చేసింది. అంతకు ముందేడూ తనే. గడియ పెట్టుకుంటే నాకు తెలీదనుకుంది మీ అమ్మ. నలభై ఏళ్లు తిన్నవాణ్ణి, మొదటి ముక్కకే తెలిసింది. నోట్లో వేసుకోగానే కరిగిపోయింది, పళ్లకు పనే లేదు."

సర్వేయరు గోడ మీది కేలండర్ చదవడం మొదలెట్టాడు. హెడ్‌మిస్ట్రెస్ కనుబొమలు దించుకుంది. చిన్నకోడలు ఏ మాట కోసం పొద్దుటినుంచీ కాచుకుని కూర్చుందో ఆ మాట వచ్చేసింది, అందరి ముందూ వచ్చింది, ఎవరూ కాదనలేని నోటి నుంచి వచ్చింది. సంతోషించాలి. సంతోషం కోసం ఆమె ఒక నిమిషం ఆగింది. రాలేదు.

"మరి ఒక్కసారైనా అనలేదేం మామయ్యగారూ?"

"ఏమనమంటావమ్మా. నువ్వు చేసినవి బాగుండేవి. ఎవరికి పెట్టినా మెచ్చుకుంటారు. పిల్లలు పొగుడుతుంటే మీ అత్తయ్య మొహం చూసేవాణ్ణి. ఆ పాతవి కావాలని నేనంటే, చెయ్యి పోయిందని గుర్తుచేసినట్టు అవదూ?" ఆయన మిగిలిన ముక్క టీలో ముంచారు. "ఇవి బాగుండవని నాకు తెలుసు. ఎప్పుడూ బాగుండేవి కాదు. బట్టలు ఆరెయ్యడానికి పైకెళ్లేది, వెళ్తే అక్కడే, ఎవరో ఒకరితో మాటలు. మాడుతున్నాయే అని నేను కింద నుంచి కేకేసేవాణ్ణి. వస్తున్నా అనేది. వచ్చేది కాదు."

హెడ్‌మిస్ట్రెస్ ఏప్రన్ అంచుతో కళ్లు ఒత్తుకుంది. చిన్నకోడలికి ఏడుపు రాలేదు, సిగ్గేసింది. పొద్దుటినుంచీ ఆమె దేన్ని చూసి నవ్విందో దానికోసమే ఈ మనిషి తొమ్మిదేళ్లు నోరు మూసుకుని ఎదురుచూశాడు. అన్నేళ్లూ ఆమె దిద్దిన తప్పులన్నీ ఆయన భార్యవి.

మామగారు రెండోది పూర్తిచేసి మూడోది తీసుకున్నారు. "మిగతావి డబ్బాలో పోసి నా మంచం పక్కన పెట్టమ్మా. ఎవరికీ పంచొద్దు" అన్నారు. తర్వాత కాస్త మొహమాటపడుతూ ఆమె వైపు చూశారు. "వచ్చే ఏడాదికి ఇలాంటివే కావాలంటే... నీది లెక్క తప్పని చెయ్యి. ఇలా చెయ్యడం నీకు వస్తుందా?"

చిన్నకోడలు ఆలోచించింది. లవంగాలు తూచి రెట్టింపు వెయ్యొచ్చు. వెన్న తగ్గించొచ్చు. ముప్పై ఒక్క నిమిషాలకు గంట పెట్టొచ్చు. గంట మోగగానే తలుపు తీస్తుంది, అన్నీ ఒకే రంగులో, ఒకే గట్టితనంతో, లెక్కప్రకారం మాడి ఉంటాయి. ఆయన మొదటి ముక్కకే కనిపెడతాడు. ఏమీ అనడు.

"రాదు మామయ్యగారూ" అంది. "వదినతో చేయిస్తాను."